రివీర్ రైఫిళ్ళు, శాంటా క్లారా అడుగులు: పాత డ్రమ్ కోర్ పోటీల్లో కలర్ గార్డ్ బాణీలు

1972 ఆగస్టులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. ఈ సంస్థనే క్లుప్తంగా డీసీఐ అంటారు. డ్రమ్ కోర్ అంటే డ్రమ్ములు, బ్యూగుళ్ళనే బాకాలు మోగిస్తూ కవాతు చేసే బృందం. కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. తూర్పు తీరం, మిడ్‌వెస్ట్, పసిఫిక్ తీరం కోర్‌లు ఒకే మైదానంలో దిగడం అదే మొదటిసారేమీ కాదు. మాజీ సైనికుల సంఘాలు జాతీయ పోటీలు పెడుతూనే ఉండేవి. అయితే ఈసారి పోటీ పగ్గాలు కోర్‌ల చేతికే వచ్చాయి. ఆ బృందాల్లో జెండాలు, రైఫిళ్ళు పట్టే కలర్ గార్డుల సంగతి తెలుసుకోవాలంటే ఈ ఏడాది ముఖ్యం. అప్పటిదాకా ఎక్కడికక్కడ పెరిగిన పద్ధతులు అక్కణ్ణుంచి ఏటా, వేసవి పొడుగునా, ఒకదాన్నొకటి చూసుకోవడం మొదలుపెట్టాయి. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఆ తేడాలు చాలామటుకు కలిసిపోయాయి.

ఆ రోజుల్లో డ్రమ్ కోర్ అంటే బ్యూగుళ్ళు, డ్రమ్ములు, వాటితోపాటు జెండాలు, రైఫిళ్ళు, కత్తులు పట్టిన గార్డు. క్లారినెట్టు, ఫ్లూటు లాంటివి ఉండేవి కావు. సభ్యులంతా 21 ఏళ్ళు దాటని కుర్రాళ్ళు, అమ్మాయిలు. 70ల్లో ఒక కోర్‌కు 128 మంది పరిమితి. ఫుట్‌బాల్ మైదానంలో పదకొండు నుంచి పదమూడు నిమిషాల ప్రదర్శన. శాంటా క్లారాలోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బ్యాండుతోపాటు రంగురంగుల జెండాలు తిప్పే పిల్లలు తెలిసే ఉంటారు. ఆ పిల్లలు చేసే చాలా పనులు ఈ పాత కోర్‌ల మైదానాల్లోంచి వచ్చినవే.

ఈ కళకు పుట్టిల్లు సైన్యం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు 1919లో అమెరికన్ లీజియన్ పెట్టుకున్నారు. వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ అనే సంఘం అంతకుముందు నుంచే ఉంది. ఊరూరా ఉన్న ఈ సంఘాల శాఖలు మొదట తామే డ్రమ్ములు, బ్యూగుళ్ళు పట్టుకుని ఊరేగాయి. తర్వాత ఊరి పిల్లలతో జూనియర్ కోర్‌లు నడిపాయి. సంఘం జాతీయ మహాసభ ఎక్కడ జరిగితే అక్కడే కోర్‌ల పోటీ. కాబట్టి గార్డు అసలు పని జాతీయ జెండాకు కాపలా కాయడం. జెండా పట్టినవాడు ఒకడు, అతనికి ఇరుపక్కలా ఆయుధం పట్టినవాళ్ళు ఇద్దరు, వెనక సంఘం జెండాలు. మిగతా హంగంతా దానికి తర్వాత చేర్చినదే.

1942లో అమెరికా కాంగ్రెస్ జెండా మర్యాదలను చట్టంలోకి తెచ్చింది. జాతీయ జెండాను ఎవరి ముందూ వంచకూడదు. నేలకు తగలనివ్వకూడదు. మిగతా జెండాలతో కలిసి నడిస్తే నడకకు కుడివైపున గానీ, వరస మధ్యకు ఎదురుగా గానీ ఉండాలి. పోటీ నియమాల్లోనూ ఇవి పాటించాల్సిందే. మర్యాదకు భంగం కలిగితే పెనాల్టీ. పైగా ప్రదర్శనలో ఒక పాట మొత్తం ఆ జెండా వందనానికే కేటాయించాలి. దాన్ని కలర్ ప్రెజెంటేషన్ అనేవారు. మైదానంలో ఎవరు ఎప్పుడు ఎక్కడికి నడవాలో, అంటే డ్రిల్, రాసేవాడికి ఇది పెద్ద తలనొప్పి. మైదానంలో మిగిలినవాళ్ళు ఎటు తిరిగినా ఫరవాలేదు గానీ ఈ ఒక్క జెండా ఎక్కణ్ణుంచి వస్తుందో, ఏ పక్కన నడుస్తుందో, దాని ముందుకు ఎవరు రాకూడదో ముందే తేల్చుకోవాలి. 50లు, 60ల డ్రిల్ బొమ్మల్లో అంత నిక్కచ్చి సౌష్ఠవం కనిపించడానికి ఇదీ ఒక కారణమే.

ఇంకో కారణం పరికరాల్లో ఉంది. పాత జెండా కర్రలు బరువైనవి, గుడ్డ మందం, అంచుల్లో కుచ్చు. కర్ర అడుగు భాగం నడుముకు కట్టుకున్న తోలు పట్టీ తొడుగులో ఉండేది. అంటే జెండా పట్టిన మనిషి చేతులకు పెద్దగా పని లేదు. నిటారుగా నిలబెట్టడం, వాల్చడం, మళ్ళీ నిలబెట్టడం, అంతే. రైఫిల్‌కు ఆ బంధం లేదు. చేతిలో ఉన్నది చేతిలోనే తిరుగుతుంది. అందుకే ప్రేక్షకుల్ని కూర్చోబెట్టే పని మొదట రైఫిల్ వరసకే దక్కింది. ప్రాంతాల మధ్య తేడా కూడా మొదట అక్కడే బయటపడింది. కర్రసాము చూసినవాళ్ళకు ఆ తిప్పుడు మరీ కొత్తగా ఏమీ ఉండదు, కాకపోతే ఇక్కడ పది పదిహేను మంది ఒకే క్షణాన తిప్పాలి, ఒకే క్షణాన ఆపాలి.

ఆ ఆపడం దగ్గర కాస్త ఆగి చూడాలి. 60ల్లో కొన్ని కోర్‌లు వాడినవి రెండో ప్రపంచ యుద్ధంలో శిక్షణ కోసం చేసిన డమ్మీ రైఫిళ్ళు, లేదా పేలకుండా చేసిన అసలు సైనిక రైఫిళ్ళు. 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ బరువు దాదాపు 3.9 కిలోలు. తర్వాత వచ్చిన కొయ్య రైఫిళ్ళు అంతకంటే బాగా తేలిక. తెల్లరంగు వేసి, తోలు పట్టీ బిగించి వాడేవారు. అరచేయి ఆ పట్టీ మీద పడితే ఠప్పుమని చప్పుడు వస్తుంది. మంచి వరసలో పదిహేను చప్పుళ్ళు ఒక్కటిగా వినిపిస్తాయి. సరిగ్గా లేని వరసలో వడగళ్ళు రాలినట్టు వస్తాయి. గుడ్డివాడు కూడా మార్కులు వేయగలడు.

గాలిలోకి ఎగరేయడానికి లెక్క ఉంది. నడక వేగం నిమిషానికి 120 అడుగులు అనుకుంటే ఒక కౌంటు అర సెకను. రైఫిల్ రెండు కౌంట్లు గాలిలో ఉండాలంటే చేయి వదిలిన చోటు నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తు లేవాలి. మూడు కౌంట్లు ఉండాలంటే దాదాపు 2.75 మీటర్లు. ఒక్క కౌంటు పెంచితే ఎత్తు రెట్టింపు దాటిపోతుంది. ఆ సమయంలో రైఫిల్ ఎన్ని చుట్లు తిరగాలో కూడా ముందే ఖాయం: డబుల్, ట్రిపుల్, క్వాడ్ అని చుట్లను బట్టే పేర్లు. ఎత్తు సరిపోయి చుట్లు తగ్గితే రైఫిల్ తప్పు కొస చేతికి వస్తుంది, చుట్లు సరిపోయి ఎత్తు తగ్గితే పక్కవాడి కంటే ముందే అందుతుంది. రెండూ తప్పే. పది మందీ ఒకే ఎత్తున, ఒకే వేగంతో వదలడం అనేది బలం కంటే అలవాటు మీద ఆధారపడిన పని. ఆ అలవాటు రావాలంటే ఏడాదంతా సాధన చేసే చోటు, కదలకుండా నేర్పే గురువు కావాలి. ప్రాంతీయ బాణీలు ఏర్పడింది ఈ రెండు అవసరాల దగ్గరే.

మార్కుల పద్ధతి మీద కూడా చెప్పుకోవాలి. అప్పట్లో జడ్జీలు క్లిప్‌బోర్డు పట్టుకుని మైదానంలోకే దిగి వరసల మధ్య తిరిగేవారు. కనిపించిన ప్రతి తప్పుకూ ఒక టిక్. టిక్ అంటే పదో వంతు మార్కు కోత. వరస వంకర పోతే టిక్, జెండా కోణం తేడా వస్తే టిక్, రైఫిల్ జారితే టిక్. పతకాలు దశాంశాల తేడాతో మారిపోయే పోటీలో ఒక గార్డు ఎంత సాహసం చేయాలన్నది సౌందర్యానికి సంబంధించిన ప్రశ్నగా మిగలదు, కూడికలు తీసివేతల ప్రశ్న అవుతుంది. ఆ లెక్కకు తలా ఒక జవాబు చెప్పుకున్నారు. తేలికైన పనిని మచ్చ లేకుండా చేయడం ఒక జవాబు. కష్టమైన పనినే మచ్చ లేకుండా చేసేంత సాధన చేయడం ఇంకో జవాబు. ఈ రెండో దారి పట్టినవాళ్ళలో మసాచుసెట్స్ గార్డుల పేరు ముందు వినిపిస్తుంది.

తూర్పు తీరంలో కోర్‌ల పేర్లు వింటేనే వాటి పోషకులెవరో తెలిసిపోతుంది. న్యూఆర్క్‌లో బ్లెస్డ్ శాక్రమెంట్, బేయోన్‌లో సెయింట్ విన్సెంట్స్, గార్‌ఫీల్డ్‌లో హోలీ నేమ్. అన్నీ కేథలిక్ చర్చిల పేర్లే. ఇరుగు పొరుగు పేటల్లో పక్కపక్క చర్చిలకు చెరో కోర్ ఉండేది. అరగంట ప్రయాణంలో పోటీదారు దొరికేవాడు. కేథలిక్ యూత్ ఆర్గనైజేషన్ పోటీలు వేరే. ఇంత దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు పక్క పేట గార్డు ఈ వారం ఏం చేసిందో వచ్చే వారానికి అందరికీ తెలిసిపోతుంది. అంతకంటే ఒక చుట్టు ఎక్కువ తిప్పాలన్న పట్టుదల అక్కణ్ణుంచే వస్తుంది. తూర్పు గార్డుల రైఫిల్ పిచ్చికి ఏదో సైనిక స్వభావం కారణమనేకంటే, ఈ ఇరుకైన ఇరుగుపొరుగు పోటీ కారణమనడం సబబు.

చలి కూడా తోడైంది. మసాచుసెట్స్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో డిసెంబరు నుంచి మార్చి దాకా బయట మైదానంలో ఏమీ చేయలేరు. బ్యూగుళ్ళవాళ్ళు హాల్లో కూర్చుని పాటలు నేర్చుకుంటారు. గార్డు వ్యాయామశాలలో సొంతంగా పోటీలు పెట్టుకుంది. పాత రోజుల ఈ చలికాలం పోటీల్లో టేపు సంగీతం మామూలు విషయం కాదు. డ్రమ్ముదెబ్బ, ఆజ్ఞ, చెక్కనేల మీద బూట్ల చప్పుడు, వీటితోనే ప్రదర్శన నడవాలి. జడ్జి పది అడుగుల దూరంలో ఉంటాడు. పెద్ద బ్యాండు మాటున దాక్కునే వీలు లేదు. అలా మూడు నాలుగు నెలలు గడిపి వేసవిలో మైదానానికి వచ్చిన గార్డు, పాటకు అలంకారంగా కాక తానే ఒక పాటలా వస్తుంది. మిడ్‌వెస్ట్‌లోనూ చలి తక్కువేం కాదు, అక్కడా చలికాలం పోటీలు ఉండేవి. అందుకని వాతావరణం ఒక్కటే అంతా చేసిందనలేం. చలి, చర్చి, దగ్గరి పోటీ మూడూ కలిసిన చోటు మాత్రం బోస్టన్ చుట్టుపక్కలే.

బోస్టన్ పక్కనే సముద్రపు ఒడ్డున రివీర్ అనే ఊరుంది. అక్కడి ఒక చర్చి కోర్ ఐసీ రెవరీస్. 60ల చివర్లో ఆ కోర్‌లోంచి జార్జ్ బొన్‌ఫిల్యో నాయకత్వంలో 27వ ల్యాన్సర్స్ పుట్టింది. పాత డ్రమ్ కోర్ అభిమానులు నలుగురు కలిస్తే కాసేపటికైనా ఈ పేరు వస్తుంది, వచ్చాక గార్డు సంగతి వస్తుంది. వాళ్ళ రైఫిల్ వరస పొడవు, ఆ వరస ఒక చివర మొదలై రెండో చివరకు ఒకరి తర్వాత ఒకరు ఎగరేస్తూ పోయే టాస్, ఈ రెండూ వాళ్ళ ముద్రలు. అందరూ ఒకేసారి ఎగరేయడం కంటే ఇది కష్టం. ఒకేసారి ఎగరేసినప్పుడు పక్కవాళ్ళతో కలిస్తే చాలు. వరస టాస్‌లో ప్రతి మనిషికీ కౌంటులో వేరే చోటు ఉంటుంది, ఒక్కరు తొందరపడితే అల విరిగినట్టు అక్కడే కనబడుతుంది. టిక్ జడ్జి ఎదురుగా ఉండగా ఈ పని చేయడానికి ధైర్యం కావాలి. 1980లో లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఇచ్చే అవకాశం కూడా ఈ కోర్‌కు దక్కింది.

మిడ్‌వెస్ట్‌కు వస్తే కథ చర్చి నుంచి స్కౌట్ దళానికి మారుతుంది. మ్యాడిసన్ స్కౌట్స్ 1938లో బాయ్ స్కౌట్ బృందంగా మొదలైంది. షికాగో కావలియర్స్‌ను 1948లో డాన్ వారెన్ స్థాపించాడు, అదీ స్కౌట్ దళమే. రెండూ అబ్బాయిల కోర్‌లు. దీని ప్రభావం గార్డు మీద నేరుగా పడింది. అప్పట్లో చాలా కోర్‌లలో బ్యూగుళ్ళు, డ్రమ్ములు అబ్బాయిలవి, జెండాలు అమ్మాయిలవి. దుస్తులు వేరు, నడక వేరు, శిక్షకులూ వేరు. ఒకే కోర్‌లో రెండు బృందాలు ఉన్నట్టుండేది. మ్యాడిసన్‌లో ఆ గోడ లేదు. జెండా పట్టినవాడూ బాకా ఊదేవాడూ ఒకే తరహా కుర్రాళ్ళు. గార్డుకు వేరే నాజూకుతనం ఆపాదించే అవసరం రాలేదు. ఒళ్ళు విరుచుకుని, బలం చూపిస్తూ, ప్రేక్షకుల కళ్ళలోకి నేరుగా చూస్తూ చేసే పద్ధతి అక్కడ కుదురుకుంది. తర్వాతి కాలంలో అబ్బాయిలు రైఫిల్‌తో నృత్యం చేస్తే వింతగా చూడకపోవడానికి ఈ రెండు కోర్‌ల పుణ్యం చాలా ఉంది. మ్యాడిసన్ అమ్మాయిలకు తలుపులు తెరుస్తున్నట్టు ప్రకటించడానికి 2019 దాకా పట్టింది.

పూర్తిగా అమ్మాయిలవే అయిన కోర్‌లు కూడా ఉండేవని ఇక్కడే చెప్పుకోవాలి. న్యూజెర్సీలోని ఆడుబాన్ బాన్ బాన్స్ అలాంటిదే. మ్యాడిసన్ గురించి మాట్లాడినంతగా వీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. అభిమానుల జ్ఞాపకాల్లో పక్షపాతం ఎటుందో తెలుస్తూనే ఉంది.

మిడ్‌వెస్ట్‌కూ పడమటి తీరానికీ మధ్య, ఏ గడిలోనూ ఇమడని కోర్ ట్రూపర్స్. వయోమింగ్ రాష్ట్రం కాస్పర్‌లో 1957లో జిమ్ జోన్స్ స్థాపించాడు. దగ్గరలో పోటీ ఇచ్చే కోర్ లేదు. రివీర్ నుంచి కాస్పర్‌కు రోడ్డు మార్గం మూడు వేల కిలోమీటర్ల పైమాటే. పక్క పేటను చూసి కాపీ కొట్టే అవకాశమే లేనివాళ్ళు తమ ఊరి చరిత్రనే కథగా తీసుకున్నారు. కాస్పర్ ఊరి పేరు 1865లో అక్కడి పోరులో చనిపోయిన లెఫ్టినెంట్ కాస్పర్ కాలిన్స్ మీద వచ్చింది. అతను పనిచేసింది 11వ ఒహాయో అశ్వదళంలో. కోర్ దుస్తులు ఆ అశ్వదళంవే, నీలం మీద పసుపు. గార్డు కూడా ఆ కథలో పాత్రే. మిగతా చోట్ల గార్డు యూనిఫాం అంటే ఏదో ఒక అందమైన సైనిక వేషం. ఇక్కడ ఫలానా కాలం, ఫలానా దళం. తర్వాతి దశాబ్దాల్లో ప్రతి కోర్ వెంటపడిన 'థీమ్' అనే ఆలోచన వీళ్ళు ఊరి గర్వంతో ముందే చేసేశారు. తిరుగుతూ విచ్చుకునే వాళ్ళ సన్‌బర్స్ట్ డ్రిల్ బొమ్మ నేటికీ వాళ్ళ గుర్తు.

కాలిఫోర్నియా కోర్‌లు వయసులో చిన్నవి. శాంటా క్లారా వాన్‌గార్డ్ పుట్టింది 1967లో. దాన్ని నిలబెట్టిన గేల్ రాయర్ సంగీతం చెప్పే స్కూల్ మాస్టారు. కాంకర్డ్‌లోని బ్లూ డెవిల్స్ 1957లోనే మొదలైనా అప్పట్లో డ్రమ్ములు, గంటల బృందమే. బ్యూగుళ్ళు వచ్చి పూర్తి కోర్ అయింది 1970 ప్రాంతంలో. అంటే లీజియన్ శాఖల్లో పెరిగిన పద్ధతుల బరువు వీళ్ళ భుజాల మీద తక్కువ. ఇలా చేయకూడదు అని చెప్పే తాతలు తక్కువ. బడి మాస్టార్ల చేతిలో పెరిగిన కోర్ కాబట్టి సంగీతం ముందు, దాని వెంట కదలిక. శాంటా క్లారా 70ల మొదట్లో ఫిడ్లర్ ఆన్ ది రూఫ్ అనే సంగీత నాటకం పాటలు తీసుకుని, అందులోని సీసా నృత్యాన్ని మైదానంలోకి తెచ్చింది. కవాతు చేయాల్సిన చోట యూదుల పెళ్ళి నాట్యం. జనం లేచి నిలబడ్డారు. ఆ నృత్యం ఆ కోర్‌కు ఇంటిపేరులా అయిపోయింది, 1992లో మళ్ళీ చేశారు.

ఇక్కడ ఒక మాట. 'పడమటివాళ్ళది మెత్తన, తూర్పువాళ్ళది కరకు' అని అభిమానులు తేల్చేస్తుంటారు. పాత ఫిల్ములు చూస్తే అంత తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాదు. 70ల శాంటా క్లారా కవాతు ఎంత ఖచ్చితమంటే దాన్ని మెత్తన అనడం అన్యాయం. మెత్తదనం మీద అసలు ప్రయోగాలు చేసినవాడు డ్రిల్ రచయిత జార్జ్ జింగాలి. అతను వచ్చింది రైఫిళ్ళకు పేరుపడ్డ రివీర్ కోర్ నుంచే. తేడా గట్టి, మెత్తన అన్నదాంట్లో లేదు, పని ఎక్కడ మొదలవుతుందన్నదాంట్లో ఉంది. తూర్పున రైఫిల్ వరస ముందు తన విద్య సిద్ధం చేసుకుంటుంది, ఆ విద్యకు చోటిచ్చేలా పాటనూ డ్రిల్‌నూ సర్దుతారు. పడమట పాట ముందు ఖాయమవుతుంది, గార్డు దానికి రూపం ఇస్తుంది. మ్యాడిసన్‌లో మొత్తం కోర్ ఒక ఒళ్ళు, గార్డు దాని చేయి. ఈ మూడు దారుల్లో ఏది మెరుగంటే జవాబు ఆనాటి జడ్జి ఏ ప్రాంతపు పోటీల నుంచి వచ్చాడన్నదాని మీద ఆధారపడేది. దీని మీద గొడవలూ తక్కువ కాలేదు.

గొడవ ముదిరింది 1971లో. సంఘాల నియమాలు, జడ్జీల ఎంపిక, ఖర్చులకు చాలని పారితోషికం, వీటితో విసిగిన కోర్‌లు రెండు జట్లుగా కట్టాయి. బ్లూ స్టార్స్, కావలియర్స్, మ్యాడిసన్ స్కౌట్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్, ట్రూపర్స్ ఒక జట్టు. 27వ ల్యాన్సర్స్, గార్‌ఫీల్డ్ కెడెట్స్, బోస్టన్ క్రూసేడర్స్ లాంటి తూర్పు కోర్‌లది ఇంకో జట్టు. అంటే బాణీల సరిహద్దు ఎక్కడుందో రాజకీయాల సరిహద్దూ దాదాపు అక్కడే పడింది. ఆ ఏడాదే మ్యాడిసన్ ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ పాత్రల వేషాలతో, కావలియర్స్ సర్కస్ వేషాలతో మైదానంలోకి వచ్చాయి. గార్‌ఫీల్డ్ వియత్నాం యుద్ధ కాలంలో, మాజీ సైనికులు చూస్తుండగా, యుద్ధం వద్దనే ప్రదర్శన ఇచ్చింది. ఇన్స్పెక్షన్‌లో బూటు మెరుపు చూసే తరం ఇవి చూసి ఏమనుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడాదే డీసీఐ పుట్టింది.

డీసీఐ వచ్చాక జరిగిన మార్పు పైకి చిన్నదే. కోర్‌లు బస్సుల్లో వేసవంతా దేశం చుట్టడం మొదలుపెట్టాయి. అంతకుముందు శాంటా క్లారా గార్డును రివీర్ అమ్మాయి చూడాలంటే ఏడాదికోసారి జాతీయ పోటీలోనే. ఇప్పుడు వారంలో మూడుసార్లు పక్కనే వార్మప్ చేస్తుంటే చూడొచ్చు. 70ల మధ్య నుంచి ఫైనల్స్ పీబీఎస్ అనే ప్రజా టీవీలో వచ్చాయి. 1977లో చలికాలం గార్డు పోటీల కోసం వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏర్పడింది, మరుసటి ఏడాది తొలి ఛాంపియన్‌షిప్ పెట్టింది. ఊరి వ్యాయామశాలల్లో ఎవరికి వారు ఆడుకున్న ఆటకు దేశమంతటికీ ఒకటే మార్కుల పత్రం వచ్చింది. ప్రాంతీయ బాణీలను మార్చడంలో ఈ పత్రానిదే పెద్ద చేయి, టీవీ కంటే కూడా. పక్కవాడు చేసేది చూసి మెచ్చుకోవడం వేరు. అది చేస్తేనే మార్కులు పడతాయని తెలియడం వేరు.

శిక్షకులూ ఊళ్ళు మారడం మొదలైంది. పాత రోజుల్లో గార్డు నేర్పేది అదే కోర్‌లో పెరిగి వయసు మీరిన అక్కో అన్నో. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే, తనకు నేర్పినది. రైఫిల్ ఎక్కడ పట్టాలి, ఆపినప్పుడు మోచేయి ఏ కోణంలో ఉండాలి, ఇవన్నీ ఒక ఇంట్లో వంటలాగే రాత లేకుండా చేతుల మీదుగా వచ్చేవి. జీతానికి వేరే రాష్ట్రం నుంచి శిక్షకుణ్ణి తెచ్చుకునే రోజులు వచ్చాక ఆ చేతుల పరంపర తెగింది. కాలిఫోర్నియా గార్డు ఆపే తీరు ఇల్లినాయ్‌లో, మసాచుసెట్స్ టాస్ కాలిఫోర్నియాలో కనిపించసాగాయి.

ఈలోగా జెండా కూడా తోలు తొడుగులోంచి బయటపడింది. అల్యూమినియం కర్ర, పలచటి పట్టులాంటి గుడ్డ వచ్చాయి. రైఫిల్ ఒక్కటే చేయగలిగిన తిప్పుడు, ఎగరేయడం జెండాకూ సాధ్యమయ్యాయి. పైగా జెండా ఇరవై వరసల వెనక కూర్చున్నవాడికీ కనిపిస్తుంది. జాతీయ జెండా వందనం తప్పనిసరి అనే నియమం కూడా క్రమంగా పక్కకు పోయింది. 1984 సీజన్‌కు డీసీఐ టిక్ పద్ధతినే ఎత్తేసింది. తప్పులు లెక్కపెట్టడం పోయి, చేసినదాని స్థాయికి మార్కులు కట్టడం వచ్చింది. అప్పటిదాకా లెక్క చూసుకుని వెనకాడిన గార్డులు కూడా ముందుకు దూకాయి. కష్టమైన పని చేసే ధైర్యం రివీర్‌వాళ్ళ ప్రత్యేకతగా ఉండేది. ఇక అది అందరి సొత్తు.

పాత రికార్డింగుల్లో బాణీ పట్టుకోవాలనుకునేవాళ్ళు టాస్ ఎత్తు చూసి మోసపోకూడదు, అది అందరికీ కనిపించేదే. రైఫిల్ అందుకున్న తర్వాత అర సెకను చూడాలి. తూర్పు వరసలో చేయి అక్కడే బిగుసుకుంటుంది. పట్టుకోవడమే విషయం, అది అందరికీ తెలియాలి. శాంటా క్లారాలో పట్టిన చేయి ఆగకుండా తర్వాతి కదలికలోకి జారిపోవడం ఎక్కువ. మ్యాడిసన్‌లో చేయి కంటే ముఖం, ఛాతీ మాట్లాడతాయి. 80ల మధ్యకు వచ్చేసరికి ఈ మూడూ ఒకే గార్డులో కనిపిస్తాయి. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం కష్టమవుతుంది.

ఈ కలయికను ఒక్క మనిషి దారిలో చూడాలంటే జింగాలి దగ్గరకే రావాలి. రివీర్‌లో ల్యాన్సర్స్‌కు పనిచేసి, తర్వాత న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్ కెడెట్స్‌కు డ్రిల్ రాశాడు. ఆ కోర్ 1983, 84, 85ల్లో వరసగా మూడుసార్లు డీసీఐ గెలిచింది. గార్డుల ప్రపంచంలో నేర్చుకున్న వంపులు, సౌష్ఠవం లేని ఆకారాలు, మనుషులు ఒకరిలోంచి ఒకరు దూసుకుపోయే వేగం, వీటిని అతను మొత్తం కోర్ మీదికి తెచ్చాడు. గార్డు పాటకు వెనక నిలబడే రోజులు పోయి, బాకాలవాళ్ళే గార్డులా కదలాల్సి వచ్చింది. డీసీఐ ఉత్తమ కలర్ గార్డుకు ఇచ్చే అవార్డు అతని పేరు మీదే ఉంది.

27వ ల్యాన్సర్స్ 1986 తర్వాత మూతపడింది. 1994లో ఫైనల్స్ మసాచుసెట్స్‌లోని ఫాక్స్‌బరోలో జరిగినప్పుడు పాత సభ్యులు కోర్‌ను మళ్ళీ పోగుచేసి ప్రదర్శన ఇచ్చారు. పోటీలో ఉన్న కోర్‌లన్నీ అప్పటికి దేశమంతటా ఒకటే అయిపోయిన భాషలో ఆడుతుంటే, నడివయసుకు చేరుతున్న ఈ రివీర్ జనం తమ ఊరి పద్ధతిలోనే రైఫిళ్ళు ఎగరేశారు. బాణీ అంటే ఏమిటో, ఏది పోయిందో పక్కపక్కనే పోల్చి చూసుకునే అవకాశం ఆ ప్రేక్షకులకు దక్కింది.